మన చెంతనున్న చూడదగిన చోటులు
(సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)

  

యాత్రలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. కాశీరామేశ్వరముల మహిమ మీరెరుగనిది కాదు. కావున మన జఫర్‌గఢునకు చేరువనుండియు మనవారే యంతగా చూడని కొన్ని స్థలములను గూర్చి విన్నవింతుము. చూడవచ్చువారు లేని కట్టడమునకు కాపాడువారును ఉండరు. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

మొదట మన యూరు. దీని పూర్వనామము వేల్పుగొండ. కొండపై వెలసిన లక్ష్మీనరసింహస్వామి ఆ పేరును నేటికిని నిలుపుచున్నాడు. నిజాముల కాలపు సర్దారు జఫరుద్దౌలా పేరిట ఊరికి జఫర్‌గఢను పేరు కలిగినదందురు. 2016వ సంవత్సరమున జిల్లాల విభజనలో మనము వరంగల్లునుండి జనగామకు మారితిమి. ఏలికలు మారినను, జిల్లాలు మారినను కొండయు కోటయు నచ్చటనే యున్నవి. స్వామిని సేవించి దిగివచ్చువారు కోటగోడలను గూడ చూడవలెను. లేనిచో ఊరి చరిత్ర సగమే తెలియును.

ఇచ్చటినుండి పాలకుర్తి కొలదిదూరము. క్షీరగిరియందు సోమేశ్వరుడును లక్ష్మీనరసింహుడును వేరువేరు గుహలలో కొలువుదీరియున్నారు. శైవవైష్ణవ వివాదములు పుస్తకములలో ఎంత పెరిగినను, భక్తులు ఒకే మెట్లదారిని పోయి యిరువురకును మ్రొక్కుచున్నారు. బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును రచించిన పాల్కురికి సోమనాథుని యింటిపేరు ఈ యూరిదే. సంస్కృతము చదివిన మాబోంట్లు ఆయన ద్విపదనుండి నేర్వవలసినది కలదు. అక్షరము రానివారును పాడుకొనదగిన ఛందస్సున మహాగ్రంథమును నిర్మింపవచ్చునని ఆయన చూపెను.

ఆ మండలముననే బమ్మెర యున్నది. భాగవతమును తెనిగించిన పోతన అచ్చట హలము పట్టి జీవించెనని పెద్దలు చెప్పుదురు. ఆ గ్రంథమున పంచమస్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను నారయయు రచించిరి. పోతన పద్యములను పిల్లలచే కంఠస్థము చేయించుచున్నాము గాని, వారిని బమ్మెరకు కొనిపోవువారము ఎందరము? సమీపముననే వల్మిడి కలదు. అది వాల్మీకి నివసించిన చోటని స్థలపురాణము. పిల్లలకు చెప్పునపుడు స్థలపురాణమును స్థలపురాణముగను, చరిత్రను చరిత్రగను చెప్పవలెను.

రఘునాథపల్లి మండలమున ఖిలాషాపురము కోట సర్వాయి పాపన్నది. గీతవృత్తివారి యింట పుట్టిన పాపన్న 1708లో వరంగల్లుపై దాడి గావించెను. 1710లో మొగలు సైన్యములచే చిక్కి హతుడయ్యెను. పారసీక చరిత్రకారుడు ఖాఫీఖాను ఆతనిని దోపిడికాడనెను. పల్లెపాటలు వీరుడనుచున్నవి. ఆ కోటయెదుట నిలిచి యీ రెండు మాటలను తూచిచూచుట పిల్లలకు మంచి చరిత్రపాఠము.

మరియొక దినమున భూపాలపల్లి దెసకు పోవలెను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వస్థలమైనది. జనము తండోపతండములుగా పోవుచున్నారు, సంతోషము. కాని దానికి దగ్గరలోని ఘనపురము కోటగుళ్లను చూడకయే పలువురు మరలుచున్నారు. గణపతిదేవుని కాలపు ఆలయ సముదాయమది. ఒకే ప్రాకారమున చిన్నవి పెద్దవి ఇరువదిరెండు గుళ్లు. స్టేషను ఘనపురము వేరు, ఈ ఘనపురము వేరు. రేగొండ మండలమున పాండవుల గుట్టపై ఆదిమానవుడు ఎర్రరంగుతో గీసిన చిత్రములు కలవు. మహబూబాబాదు జిల్లాయందు కురవి వీరభద్రుని దర్శించువారు, నన్నయభట్టుకు పూర్వపు తెలుగు గద్యశాసనము వెలసిన యూరిది యని తెలిసికొనవలెను.

ఇట్టి చోటులకు నేడు మూడు విధముల కీడు కలుగుచున్నది. గుప్తనిధుల యాశతో గర్భగుడులను త్రవ్వువారు కొందరు. భక్తిచేతనే శాసనములపై సున్నమును రంగును పూయువారు కొందరు. కోటరాళ్లను ఇంటి పునాదులకు తరలించువారు కొందరు. దొరికిన నిధి పది రూపాయల విలువకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే యున్నది. కాని చట్టమును మించిన కావలి ఊరివారి కన్ను.

కావున సభవారికి మా మనవి యేమనగా: సంఘము ఏటేట మన విద్యార్థులను ఒక యాత్రకు పంపవలెను. వ్యయమునకు దాతలు ముందుకు రావలెను. వెళ్లిన ప్రతి బాలుడును, ప్రతి బాలికయు చూచినదానిని రెండు పుటలు వ్రాసి తేవలెను. వానిలో మేలైనదానిని ఈ సంచికయందే ముద్రింపవచ్చును. ఆలయ జీర్ణోద్ధరణమునకు ధనమిచ్చు పుణ్యాత్ములు, శాసనమున్న రాతిని కదలింపవద్దనియు, దానిపై రంగు పూయవద్దనియు నియమము చేసి మరీ యీయవలెను.

పెద్దలు కట్టినదానిని మరల కట్టజాలకపోయినను, చెడకుండ పిన్నల చేతికీయ గలము.