అలారం ఆపితే సరిపోదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



పొద్దున ప్రార్థన కాగానే నేల మీద కూర్చోమంటే మా బ్యాచ్‌లో సగం మంది కుర్చీలు వెతుక్కున్నారు. ఎక్కం తప్పితే పాతిక గుంజీళ్ళు తీసినవాళ్ళం. ఇవాళ ఒక్కటి తీయమన్నా దణ్ణం పెట్టేస్తాం. అందుకే కమిటీవారు పవర్ ప్లాంట్ గురించి మాట్లాడమన్నా, నేను మోకాళ్ళ గురించి మాట్లాడతానన్నాను. నేను డాక్టర్ని కాను, మెయింటెనెన్స్ ఇంజనీరుని. ఒక పొరపాటు చేసి తెలుసుకున్నది చెబుతాను.

మూడేళ్ళ కిందట నా కుడి మోకాలు మొరాయించింది. బాయిలర్ మెట్లు దిగాలంటే ప్రాణం పోయేది. ఎక్స్‌రే తీసి ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీలు అరుగుదల అన్నారు. కీల్లోకి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో రోజుకల్లా నొప్పి మాయం! ఇక నయమైపోయిందనుకున్నాను. ఫిజియోథెరపీకి రాసిచ్చిన చీటీ జేబులోనే ఉండిపోయింది. రెండు నెలలకు నొప్పి తిరిగొచ్చింది. మళ్ళీ ఇంజెక్షన్. అలా ఏడాదిలో నాలుగు. ఒకసారి ఇంజెక్షన్ మర్నాడు షుగర్ 340 దాటింది. నాకు షుగర్ ఉందా అని వాళ్ళడగలేదు, నేనూ చెప్పలేదు.

మా ప్లాంట్‌లో బేరింగ్ వేడెక్కితే అలారం మోగుతుంది. ఆ అలారం ఆపేసి, బేరింగ్ బాగైందని లాగ్‌బుక్‌లో రాస్తే ఉద్యోగం ఊడుతుంది. నా మోకాలి విషయంలో నేను చేసింది అదే.

స్టిరాయిడ్ కీలులోని వాపును అణిచి నొప్పి తగ్గిస్తుంది. అరిగిన మృదులాస్థిని తిరిగి పెంచదు. ఉపశమనం సాధారణంగా కొన్ని వారాలే. మనవాళ్ళు ‘గుజ్జు ఇంజెక్షన్’ అనేది వేరే మందు, హైలురోనిక్ ఆమ్లం. రెండూ ఒకటి కాదు.

2017లో అమెరికాలో ఒక పరిశోధన వెలువడింది. 140 మందిని రెండు జట్లు చేసి, రెండేళ్ళపాటు మూడు నెలలకోసారి ఒక జట్టుకు స్టిరాయిడ్, రెండో జట్టుకు ఉప్పునీరు ఇచ్చారు. చివరికి నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మృదులాస్థి మాత్రం స్టిరాయిడ్ తీసుకున్నవారిలోనే ఎక్కువ అరిగింది. 2020లో 156 మందితో మరొకటి వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే, ఇంజెక్షన్ తీసుకున్నవారికంటే ఫిజియోథెరపీ చేసినవారి నొప్పి, నడక మెరుగ్గా ఉన్నాయి.

అంటే ఇంజెక్షన్ చెడ్డదనా? కాదు. అలారం గోల ఆగితేనే కదా నింపాదిగా పని చేయగలిగేది! ఆపాక పని చేయాలి, అంతే. నొప్పి తగ్గిన ఆ నాలుగు వారాల్లో తొడ కండరాలను బలపరుచుకోవాలి. కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది లెక్కపెట్టి దించడంతో నేను మొదలుపెట్టాను. ఏడు కిలోలు తగ్గాను. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. ఇంజనీరుకి ఇంతకంటే లాభసాటి లెక్క ఏముంటుంది?

నిరుడు మా అమ్మాయి పెళ్ళికి ముందు, డాక్టరుగారితో అన్నీ మాట్లాడుకుని, ఒక్క ఇంజెక్షన్ తీసుకున్నాను. వారం రోజులు షుగర్ చూసుకున్నాను. పీటల మీద కూర్చోలేక స్టూలు వేయించుకున్న మాట నిజం. కానీ అప్పగింతల దాకా నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను.

మీలో ఎవరైనా తీసుకోబోతుంటే, షుగర్ ఉంటే ముందే చెప్పండి. ఇంతకుముందు ఎన్ని, ఎప్పుడు తీసుకున్నారో రాసిపెట్టుకోండి. మూడు నెలల్లోపు మోకాలి మార్పిడి చేయించుకునే ఆలోచన ఉంటే తప్పక చెప్పండి, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. తర్వాత జ్వరమొచ్చినా, మోకాలు ఎర్రబడి వాచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

చివరిగా ఒక మాట. డ్రిల్లు పీరియడ్ అంటే నాకు కడుపునొప్పి వచ్చేది. ఆ డ్రిల్లు మాస్టారు ఇవాళ ముందు వరసలో ఉన్నారు. మాస్టారూ, నలభై ఏళ్ళు ఆలస్యమైంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే డ్రిల్లు చేస్తున్నాను. హాజరు వేయండి!