మధ్యాహ్నపు మిగులు, సాయంత్రపు లోటు
(స్మారకోపన్యాస పాఠం)



విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలోని థర్మల్ కేంద్రానికి విద్యుత్ ఇంజనీరు నార్ల తాతారావుగారి పేరు పెట్టుకున్నాం. ఆ తరం ఇంజనీర్లను వేధించిన ప్రశ్న ఒకటే: కరెంటు ఎక్కణ్ణించి తేవాలి? బొగ్గు కేంద్రాలు, జలాశయాలు కట్టి జవాబు చెప్పారు. మన ప్రశ్న వేరు: కావలసిన వేళకు ఎలా అందించాలి?

కర్నూలు దగ్గరి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు జోరుగా పనిచేస్తుంది. ఇళ్లలో దీపాలు, ఏసీలు కలిసి లోడు పెంచేది పొద్దుగూకాక. గ్రిడ్డులో ఉత్పత్తీ వాడకమూ ప్రతి క్షణం సరితూగాలి. 50 హెర్ట్జ్‌ల ఫ్రీక్వెన్సీయే అందుకు సాక్షి. తూకం తప్పితే ఏమవుతుందో 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతం చీకట్లో చూసింది. అప్పటికి దక్షిణాది గ్రిడ్డు వేరుగా ఉండి బయటపడింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో మనమూ మిగతా దేశపు గ్రిడ్డులో కలిశాం. బలమూ ఉమ్మడే, ముప్పూ ఉమ్మడే.

2020 ఏప్రిల్ 5 రాత్రి ప్రధాని పిలుపుతో దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలార్పినప్పుడు వాడకం దాదాపు 31,000 మెగావాట్లు పడిపోయింది. అయినా గ్రిడ్డు నిలబడింది. ఉత్పత్తిని చకచకా దించి, మళ్లీ ఎత్తడంలో పెద్ద పాత్ర జలవిద్యుత్ కేంద్రాలదే. ఆ చురుకుదనమే సోలార్‌కు తోడు కావాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. అవి రివర్సిబుల్ యంత్రాలు: మిగులు కరెంటుతో కిందినీటిని పైకి తోడి, సాయంత్రం అదే నీటితో కరెంటు తీయగలవు. తోడటానికి పెట్టినదంతా తిరిగి రాదు, కొంత పోతుంది. వృథాగా ఆపేసే ఎండ కరెంటుతో పోలిస్తే ఆ నష్టం చిన్నదే.

అంతకన్నా చవకైన ఉపాయం వ్యవసాయ ఫీడర్లను పగటివేళకు మార్చడం. రాత్రి కరెంటు కోసం పొలానికెళ్లి పాముకాటుకు, షాకుకు బలైన రైతులు ఎందరో. పగలిస్తే గ్రిడ్డుకు మేలు, రైతుకు ప్రాణరక్ష.

పొలాలకు ఎంత కరెంటు ఇస్తున్నామో తెలియాలంటే కొలవాలి. కానీ మీటర్లంటే రైతుకు అనుమానం. కరెంటు చార్జీలపై పోరాటం, 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు గుర్తున్న నేల ఇది. రైతుకు కరెంటు ఉచితంగా ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం తేల్చుకోవలసిన సంగతి. ఎంత ఇస్తున్నామో తెలియకపోవడం మాత్రం ఇంజనీరింగ్ లోపం. రైతు మోటారు జోలికి పోకుండా ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కొలిచినా సరిపోతుంది.

చివరిగా లైన్ల సంగతి. సోలార్ ప్లాంటు ఏడాది రెండేళ్లలో లేస్తుంది. పెద్ద లైనుకు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి లైనే ముందు మొదలుకావాలి. యువ ఇంజనీర్లకు నా విన్నపం: ఇకపై ఇన్ని మెగావాట్లని ఎవరైనా గొప్పగా చెబితే, ఏ లైను మీద, ఏ నిల్వతో, ఏ వేళకని అడగండి. జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి.