అద్దం వెనుక బొమ్మ: నేపుల్స్ సొరుగుల పెట్టెలు

ఒక ముఖం చిత్రించాలంటే మీరు ఏ వరుసలో వేస్తారు? ముందు నేపథ్యానికి రంగు పూస్తారు. దానిమీద ముఖం రంగు వేస్తారు, నీడలు దిద్దుతారు. చిట్టచివర కంటిపాపలో ఒక తెల్లచుక్క పెడతారు. ఆ చుక్కతో బొమ్మకు ప్రాణం వస్తుంది. ఇప్పుడు ఈ వరుసను పూర్తిగా తిరగేయండి. మొదట పెట్టాల్సింది ఆ తెల్లచుక్కే. తరువాత కంటిపాప, కన్ను, చెంపల నీడ, ముఖం రంగు, అన్నిటి తరువాత నేపథ్యం. గాజు పలకకు వెనుకవైపు బొమ్మ వేసి ముందువైపు నుంచి చూసే పద్ధతి ఇది. ముఖం పూర్తయ్యాక కన్ను వంకరగా ఉందని తోస్తే, దాన్ని దిద్దడానికి పైన పూసిన రంగంతా గీకి పారేయాల్సిందే.

ఇంత కష్టమైన పనిని పెట్టెల సొరుగులకు అతికించిన నగరం ఇటలీలోని నేపుల్స్. పదిహేడో శతాబ్దిలో అది స్పెయిన్ రాజు పాలనలో ఉండేది. 1656లో వచ్చిన ప్లేగు ఆ నగర జనాభాలో సుమారు సగాన్ని పొట్టన పెట్టుకుంది. అయినా నగరం తేరుకుంది. సంపన్నుల గదుల్లో వైభవం తగ్గలేదు. ఆ వైభవానికి గుర్తుగా నిలిచే వస్తువు 'స్టీపో', అంటే సొరుగుల పెట్టె.

దాన్ని ఒకసారి ఊహించుకోండి. ఎత్తయిన బల్లమీద వెడల్పాటి నల్లని పెట్టె. మధ్యలో చిన్న గుడి ముఖద్వారంలా స్తంభాలు, తలుపు. దానికి ఇరువైపులా వరుసలుగా సొరుగులు. పైపొర ఎబొనీ కర్ర (మన బీడీ ఆకు తునికి చెట్టుకు ఇది దగ్గర చుట్టం) లేదా నల్లరంగు పట్టించిన పియర్ కర్ర. అంచుల్లో తాబేటి చిప్ప, దాని కింద ఎర్రరంగు పూత. ఆ ఎరుపు చిప్పలోంచి నిప్పులా కనిపిస్తుంది. ఒక్కో సొరుగు ముఖాన ఒక్కో గాజు చిత్రం. ఉత్తరాలు, నగలు, నాణేలు లోపల ఉంటాయి. అతిథులు చూసేది మాత్రం బయటి బొమ్మల్నే.

ఆ బొమ్మల్లో బైబిలు కథలుంటాయి, రోమన్ కవి ఓవిడ్ చెప్పిన రూపాంతర కథలూ ఉంటాయి. ఎద్దు రూపంలో వచ్చిన దేవుడు యూరోపాను ఎత్తుకుపోవడం అలాంటిదే. వీటిలో చాలావాటి వెనుక ఒక పెద్ద చిత్రకారుడి శైలి కనిపిస్తుంది. ఆయన లూకా జోర్డానో (1634–1705). వేగంగా వేయడంలో ఆయనకు పేరు. నేపుల్స్ కళాకారుల జీవితాలు రాసిన బెర్నార్డో దె డొమినిచి, జోర్డానో శిష్యుల్లో గాజుమీద వేసేవారు ఉండేవారని చెబుతాడు. వారిలో కార్లో గరోఫాలోను స్పెయిన్ రాజు రెండవ చార్లెస్ ఆస్థానానికి పిలిపించుకున్నారు. గాజు బొమ్మను చిల్లర పనిగా తీసిపారేసేవారికి ఈ సంగతి చాలు.

ఈ పనిలో ఒక తమాషా ఉంది. ముద్రిత చిత్రాన్ని గాజు కింద పెట్టి దానిమీదుగా గీస్తే, అవతలి వైపు నుంచి చూసేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. కుడిచేతి కత్తి ఎడమచేతికి వస్తుంది. కానీ పెద్ద చిత్రాలకు తీసిన ముద్రణల్లో చాలావాటిలో అప్పటికే కుడి ఎడమలు మారి ఉంటాయి. కాబట్టి గాజు మీదికి ఎక్కేసరికి బొమ్మ మళ్లీ అసలు దిక్కుకే తిరుగుతుంది!

ఇక ఈ పెట్టెల్ని పీడించే జబ్బు గురించి చెప్పాలి. కాన్వాసు గుడ్డ రంగును పట్టి ఉంచుతుంది. గాజు నున్నన, దేన్నీ పీల్చుకోదు. రంగు దానికి అంటుకుని ఉంటుందంతే. ఇక్కడ గాజు కర్రలో బిగించి ఉంది. తేమ పెరిగినప్పుడు కర్ర ఉబ్బుతుంది, తగ్గినప్పుడు కుంచించుకుపోతుంది. గాజు అలా కదలదు. ఏళ్లు గడిచేకొద్దీ రంగు పొర అక్కడక్కడ గాజును వదిలేస్తుంది. ఆ సందులోకి గాలి చేరి ముందునుంచి బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. చూసినవారు దుమ్మనుకుంటారు. గుడ్డతో తుడుస్తారు, పోదు. పలక ఊడదీసి వెనుకవైపు తుడిస్తే మచ్చతోపాటు బొమ్మా పోతుంది. గాజుమీద మొదట పడిన ఆ తెల్లచుక్కా, ఆ కన్నూ గుడ్డకంటుకుని వచ్చేస్తాయి. పాత పెట్టెల్లో ఒకటి రెండు సొరుగులకు మాత్రం బొమ్మ తేడాగా కనిపిస్తే, పాత పలక పోయాక మరెవరో కొత్తది వేసి ఉండవచ్చునని అనుమానించండి.

ఇది దూరదేశపు సమస్యే అనుకోకండి. తంజావూరు గాజు పటాలు వేసే పద్ధతీ ఇదే. చైనా వ్యాపారంతో పద్దెనిమిదో శతాబ్దిలో ఈ విద్య మన దేశానికి చేరింది. మీ ఇంట్లో వెన్నకృష్ణుడి పాత గాజు పటం ఉంటే చట్రం విప్పి వెనుక తుడవకండి. ఎండ తగిలే గోడకు, చెమ్మ ఉన్న గోడకు తగిలించకండి. రంగు రాలుతుంటే పటాన్ని బొమ్మవైపు కిందికి, అంటే గాజు కింద, రంగు పైన ఉండేలా బల్లమీద పడుకోబెట్టండి. అప్పుడు రాలబోయే పెచ్చు గాజుమీదే నిలుస్తుంది. తరువాత సంరక్షణ నిపుణులకు చూపించండి.

వారు ఊడిన రంగును తగిన జిగురుతో గాజుకు మళ్లీ అంటించే ప్రయత్నం చేస్తారు. పూర్తిగా రాలిపోయిన చోట అసలు పలకను ముట్టుకోకుండా, దాని వెనుక సరిపోయే రంగు వేసిన కాగితం అమరుస్తారు. ముందునుంచి చూస్తే ఖాళీ అంతగా కంటపడదు. కావలసినప్పుడు ఆ కాగితాన్ని తీసేయవచ్చు.