ఎనిమిదో సిఫార్సు

ఇవాళ న్యాయశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీకు, వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు అభినందనలు.

క్రీడాభిరామం చదివినవాళ్లకు ఓరుగల్లు వేశ్యావాటిక, మాచల్దేవి చిత్రశాల గుర్తుంటాయి. ఆ ఆడవాళ్లకు కావ్యంలో చోటు దొరికింది. చట్టం రాసేటప్పుడు మాత్రం వాళ్లను పిలిచినవాళ్లు అరుదు.

1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం నాలుగో సెక్షన్ చూడండి. మరొకరి పడుపు సంపాదన అని తెలిసీ దానిమీద బతికే, పద్దెనిమిదేళ్లు దాటిన ఎవరికైనా రెండేళ్ల దాకా జైలు. తార్పుడుగాళ్ల కోసం పెట్టారు, సరే. కానీ తల్లి ఆ డబ్బుతో ఫీజు కడితే, మీ ఈడు కొడుకు కూడా దాని కిందికే వస్తాడు. ఆ తల్లుల్లో ఒక్కరిని అడిగినా ఈ సంగతి చెప్పేవారు.

అడక్కపోయినా నోరు విప్పినవాళ్లున్నారు. 1927లో ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ వ్యవస్థ రద్దు కోరుతూ తీర్మానం తెస్తే, బెంగుళూరు నాగరత్నమ్మ తోటి దేవదాసీలను కూడగట్టి ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. ఆ వర్గంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం మాత్రం వ్యవస్థ పోవాల్సిందేనన్నారు. ఇప్పుడూ అంతే. కలకత్తాలోని సెక్స్ వర్కర్ల సంఘం దర్బార్ ఇదీ పనే, హక్కులివ్వండి అంటుంది. మన ఆంధ్రలో అక్రమ రవాణా నుంచి బయటపడి ‘విముక్తి’గా ఏర్పడ్డవాళ్లు తార్పుడుగాళ్లకు శిక్ష, తమకు పరిహారం అడుగుతారు. తలోమాట చెబుతారు కాబట్టి ఎవరినీ అడగం అనడం, నన్నడిగితే, వట్టి బద్ధకం. న్యూజిలాండ్‌లో ఈ వృత్తిని నేరం కాకుండా చేసే చట్టం మీద సెక్స్ వర్కర్ల సంఘం ముసాయిదా దశ నుంచే పనిచేసింది. 2003లో అక్కడి పార్లమెంటు 60–59 ఓట్లతో ఆ చట్టం చేసింది.

మన సుప్రీంకోర్టు కూడా, బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సెక్స్ వర్కర్ల విషయమై 2011లో వేసిన కమిటీలో దర్బార్‌కూ చోటిచ్చింది. 2022 మే 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ధర్మాసనం ముందుకు ఆ కమిటీ చేసిన పది సిఫార్సులు వచ్చాయి. నాలుగింటి మీద కేంద్రం అభ్యంతరం చెప్పింది. కోర్టు మిగతా ఆరింటిని అమలు చేయమంది. చట్టాల మార్పులో సెక్స్ వర్కర్లను భాగస్వాములను చేయాలన్నది ఎనిమిదోది. అది ఆ ఆరింటిలో లేదు.

తొమ్మిదోది ఉంది. న్యాయసేవాధికార సంస్థలు వాళ్లకు హక్కులు వివరిస్తూ సదస్సులు పెట్టాలి. రేపు మీలో కొందరు వరంగల్, హనుమకొండలలో ఆ పని చేస్తారు. అక్కడ సెక్షన్లు చెప్పి వచ్చేయకండి. వాళ్లు చెప్పింది పేర్లు లేకుండా రాసుకోండి. కొత్త చట్టం ముసాయిదా ప్రజాభిప్రాయానికి వచ్చిననాడు దాన్ని గడువులోగా ఢిల్లీకి పంపండి.