ఉసిరికయు, మాత్రయు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)

నేను వైద్యుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, తీరికవేళల ఈ గ్రంథాలయమున కూర్చుండి, గురువు లేకయే నాలుగు సంస్కృతాంధ్ర గ్రంథములు చదివికొన్నవాడను. ఆ చదువే నన్నొకసారి ముంచినది. ఆ సంగతి చెప్పుటకే నిలిచితిని.

నాకు మధుమేహము గలదు. అమరకోశమున ఉసిరికకు అమృత, వయస్థ అను పేర్లున్నవి. చరకసంహితలోని చ్యవనప్రాశమునకు ఉసిరికయే ప్రధానద్రవ్యము. ఇవి చదివియుండి, ఒక ప్రకటనలో యాంటీఆక్సిడెంట్లు అను క్రొత్తమాట చూచి, పూర్వులు చెప్పినదే నేటి శాస్త్రమును చెప్పుచున్నదని పొంగిపోతిని. వైద్యుడిచ్చిన మాత్రలు మాని, నాలుగు నెలలు ఉసిరిరసమును, పసుపును నమ్ముకొంటిని. అరికాలియందు పుండు లేచినది, నొప్పి తెలియలేదు. మా గృహిణి బలవంతముగా ఆసుపత్రికి గొనిపోవునప్పటికి ఆలస్యమైనది. ఒక వ్రేలు పోయినది. ఇందాక ఈ మెట్లకడ నేను తడబడుట మీరు చూచియే యున్నారు.

పిదప పుస్తకములు మరల తెఱచితిని, ఈసారి పేర్లకొఱకు గాక లెక్కలకొఱకు.

కోసిన వంకాయ గాలి తగిలి నల్లబడును. నిమ్మరసము పిండినచో అంత త్వరగా నల్లబడదు. నిలువనూనె కంపుకొట్టుటయు ప్రాణవాయువు పనియే. మన దేహమును ఆ వాయువును వాడుకొనుచుండగా ఫ్రీ రాడికల్స్ అను చుఱుకైన పదార్థములు పుట్టి జీవకణములను దెబ్బతీయుచుండును. వాని నడ్డగించునవే యాంటీఆక్సిడెంట్లు. ఉసిరికలోని విటమిన్ సి, మునగాకులోని బీటాకెరోటిన్, పసుపులోని కర్క్యుమిన్ ఇట్టివి. అయితే తెల్లరక్తకణములు క్రిములను చంపుటకు ఆ చుఱుకు పదార్థములనే ఆయుధములుగా గొనును. కావున వానిని సమూలముగా తుడిచిపెట్టుట మేలని తలపరాదు.

ఆకుకూరలు, పండ్లు హెచ్చుగా తినువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువని పూర్వమే గమనించిరి. అందుచే వానిలోని సారమును మాత్రగా నిచ్చిన చాలునని తలచి, ఫిన్లండు దేశమున 50 మొదలు 69 ఏండ్లవఱకు వయసుగల పొగత్రాగు మగవారిని 29,133 మందిని చేర్చి, కొందఱికి దినమునకు 20 మిల్లీగ్రాముల బీటాకెరోటిన్ నిచ్చి, 5 మొదలు 8 ఏండ్లు కనిపెట్టిరి. 1994లో ఫలితము వెలువడినది. ఆ మాత్ర తిన్నవారికి క్యాన్సరు తగ్గకపోగా 18 శాతము హెచ్చినది! విచిత్రమేమనగా, ఆ పరీక్షలోనే, మొదటినుండియు భోజనముద్వారా బీటాకెరోటిన్ ఎక్కువగా పొందుచుండినవారికి జబ్బు తక్కువగానే వచ్చినది. అమెరికాలో 18,314 మందిపై జరిగిన పరీక్షయందును ఇట్టి కీడే కనబడుటచే 1996 జనవరిలో మాత్రలు నడుమనే ఆపివైచిరి. 2012లో 78 పరీక్షలను కూడి చూచినవారికిని ఈ మాత్రలవలన ఆయువు పెరిగిన జాడ కానరాలేదు.

చుట్ట విడువని పెద్దలు ముందువరుసయందే యున్నారు, నొచ్చుకొనవలదు. చుట్ట కాల్చుచు ఆ మాత్ర మ్రింగినచో దోషము తీఱునని ఎవ్వరేని చెప్పిన, ఫిన్లండువారి లెక్క చూపుడు.

ఉసిరికను నేను నిందింపను. దానియందు నారింజకంటె ఎన్నో రెట్లు విటమిన్ సి గలదు. ఊరగాయయందు మాత్రము ఉప్పు మెండు గనుక రక్తపోటు గలవారు కొసరి వేసికొనుట తగదు. మా పెరటిచెట్టు ఏటేట కార్తికమున కాయుచునే యున్నది. పచ్చడి నూరుదురు, నేనును తిందును. మా గృహిణి మాత్రల డబ్బాను ఆ జాడీప్రక్కనే పెట్టినది. మధుమేహమును గూర్చిన పుస్తకములు మన బీరువా మూడవ అరయందున్నవి. చందాదారులు అడిగి తీసికొనవచ్చును.