ప్రయోగశాల నుంచి అంగడి దాకా
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో స్కాలర్‌షిప్పుల లెక్క చెప్పుకుంటాము. ఎంతమందికి ఫీజు కట్టామో, ఎంతమందికి పుస్తకాలు కొనిచ్చామో చదివి వినిపిస్తాము. మీరు చప్పట్లు కొడతారు. ఈ ఏడు ఆ లెక్కలోకి రాని ఒక సంగతి మనవి చేయదలిచాము. మనం చదివించిన బిడ్డ ఆ చదువుతో ఏం చేయగలిగిందని ఎప్పుడైనా అడిగామా?

మన సంఘం సాయంతో మైక్రోబయాలజీలో ఎం.ఎస్సీ. చేసిన అమ్మాయి ఒకరు వున్నారు. పేరు చెప్పవద్దన్నారు. మన ప్రాంతంలో మిరపకాయలు కల్లంలో ఆరబోస్తాము గదా, మంచుకో వానకో తడిస్తే బూజు పడుతుంది. కొన్ని రకాల బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది హద్దు దాటితే విదేశాలవాళ్లు సరుకును తిప్పి పంపుతారు. ఆ బూజును తక్కువ ఖర్చుతో ముందే పసిగట్టే పద్ధతిని ఈ అమ్మాయి ప్రయోగశాలలో చేసి చూపింది. దాన్ని రైతు కొనుక్కునే వస్తువుగా తయారు చేద్దామని అప్పుకోసం వెళితే "తాకట్టు ఏముంది?" అన్నారు. తండ్రికి వున్నది రెండు గదుల ఇల్లు. ఇప్పుడు ఆ థీసిస్ బీరువాలో వుంది, అమ్మాయి ట్యూషన్లు చెప్పుకుంటోంది. మన దగ్గరకూ వచ్చింది. మేమూ దారి చూపలేకపోయాము, ఎందుకంటే అప్పటికి మాకే తెలియదు. ఆ తరువాత తెలుసుకున్నది ఇవాళ మీ ముందు పెడుతున్నాము.

అప్పు ఇవ్వనివాళ్లను తిట్టి లాభం లేదు. ఒక గాజుగొట్టంలో పనిచేసింది పదివేల సీసాలలో పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఆ సంగతి తేల్చడానికే డబ్బు కావాలి. తేలకముందు ఎవరూ డబ్బు ఇవ్వరు. విశ్వవిద్యాలయానికీ అంగడికీ మధ్య వున్న ఈ గుంటలోనే ఎన్నో మంచి పరిశోధనలు పడిపోతున్నాయి. ఆ గుంట మీద పలక వేయడం సర్కారు పని. పరిశోధనకు జీతాలిచ్చింది ప్రజల సొమ్మే గనుక, దాని ఫలితం ప్రజలకు చేరేదాకా తోడు నిలవడం న్యాయమే గదా.

దీనికి మన హైదరాబాదులోనే ఒక ఉదాహరణ వుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి జబ్బుకు టీకా ఒకప్పుడు విదేశాల నుంచి రావలసిందే. ఒక్కో మోతాదు వందల రూపాయలు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన వరప్రసాదరెడ్డిగారు ఆ టీకా ఇక్కడే చేయాలని 1993లో తల్లి పేరుతో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరువాత సి.సి.ఎం.బి.లో ప్రయోగాలకు చోటు దొరికింది. డబ్బు మాత్రం ఇక్కడ దొరకలేదు. ఒమాన్ దేశంలో విదేశాంగ వ్యవహారాలు చూసిన యూసుఫ్ బిన్ అలవీగారు వాటా పెట్టుబడి పెట్టి ఆదుకున్నారు. 1996లో కేంద్ర ప్రభుత్వం టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డును పెట్టాక, అది తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చింది. 1997లో టీకా బయటికి వచ్చింది, ధర పదుల రూపాయలలోకి దిగింది. 2002లో కొన్ని ప్రాంతాలలో మొదలై, 2011 నాటికి ఈ టీకా దేశమంతటా పసిపిల్లలకు ఉచితంగా వేసే టీకాలలో చేరింది. ఆ కంపెనీ 2009లో ఫ్రాన్సుకు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది, అది వేరే సంగతి. చవక టీకా అనేది సాధ్యమేనని లోకానికి తెలిసిపోయింది.

మన ఇళ్లలో గల్ఫు నుంచి డబ్బు రాని ఇల్లు అరుదు. ఆ డబ్బుతో మిద్దెలు కట్టాము, పెళ్లిళ్లు చేశాము. అదే గల్ఫు సొమ్ము ఒక టీకాకు కూడా వేరు పోసిందని మన పిల్లలకు చెప్పండి.

అయితే ప్రతివారికీ ఒమాన్ మంత్రి దొరకడు. అందుకే గ్రాంటు సంగతి తెలియాలి. అప్పు తీర్చాలి, వాటా ఇస్తే లాభం పంచాలి. గ్రాంటుకు ఆ రెండూ లేవు. వడ్డీకి భయపడే మనవాళ్లకు ఇది ముఖ్యమైన మాట. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2012లో నెలకొల్పిన బైరాక్ సంస్థ, కొత్త ఆలోచనను నిరూపించి చూపడానికి 50 లక్షల రూపాయల దాకా, 18 నెలల గడువుతో గ్రాంటు ఇచ్చే పథకం పెట్టింది. వ్యవసాయానికి సంబంధించినవాటికి రాష్ట్రీయ కృషి వికాస యోజన కింద రఫ్తార్ అనే పథకం వచ్చింది. ఆలోచన దశలో 5 లక్షల దాకా, కాస్త ఎదిగాక 25 లక్షల దాకా అని అందులో నిర్ణయించారు. మన రాష్ట్రంలో 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ ప్రారంభమైంది. దాని శాఖలలో ఒకటి విజయవాడకు ఇచ్చారు. పేటలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నంలోపు వెళ్లి మాట్లాడి రావచ్చు.

గ్రాంటు అంటే ఊరికే వచ్చే సొమ్ము కాదు. ఒకేసారి చేతికి రాదు, పని జరిగిన కొద్దీ విడతలుగా వస్తుంది. ప్రతి రూపాయికీ రసీదు చూపాలి. ఇంకో జాగ్రత్త వుంది. కనిపెట్టినదాన్ని ముందే పత్రికలో అచ్చువేస్తే తరువాత పేటెంటు రావడం కష్టం. ముందు పేటెంటుకు దరఖాస్తు, ఆ తరువాతే ప్రచురణ. ఇన్ని చేసినా కొన్ని ప్రయత్నాలు దెబ్బతింటాయి. దెబ్బతిన్న పిల్లవాణ్ణి "సర్కారు డబ్బు తిన్నాడు" అని మసీదు మెట్లమీద కూర్చుని ఆడిపోసుకోవద్దని మాత్రం వేడుకుంటున్నాము.

ఇక మనం చేయగలిగింది. రఫ్తార్ గ్రాంటులో తొలిదశకు నూటికి పది, మలిదశకు నూటికి పదిహేను వంతు అభ్యర్థి తన చేతి నుంచి పెట్టుకోవాలన్న నియమం పెట్టారు. 5 లక్షల పనికి 50 వేలు. మన బిడ్డలు ఆగిపోయేది ఆ 50 వేల దగ్గరే. ఆ మొత్తాన్ని సంఘం కర్జె హసనాగా, వడ్డీ లేకుండా ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాము. జకాత్ సొమ్ము దీనికి తాకవద్దు. అది బీదల హక్కు. దీనికి వేరే నిధి పెడదాము. దరఖాస్తులు రాసిపెట్టడానికి మనలో రిటైరైన లెక్చరర్లు, ఆడిటర్లు నెలకు ఒక ఆదివారం కూర్చుంటే చాలు.

మొదటి దరఖాస్తు ఎవరిదో మీకు తెలిసే వుంటుంది. ఆ అమ్మాయి ఈ సభలోనే కూర్చుని వుంది. బీరువాలోని థీసిస్ బయటికి తీయమని అందరి ఎదుట ఆమెను కోరుతున్నాము. వచ్చే ఏడు ఈ వేదికమీద లెక్క చదివేది మేము కాదు, ఆ అమ్మాయే కావాలని అల్లాహ్‌ను ప్రార్థిస్తున్నాము.