తుపాకికి ముందరి ఊత

తుపాకి చప్పుడు సికిందరాబాదునకు క్రొత్త గాదు. 1806లో సికందర్ జా పేర వెలసిన నాటినుండియు ఇది సైనికుల బస. అయినను తుపాకి గురి ఒక క్రీడగా గృహస్థుల యిండ్లలో మాటకు వచ్చుట ఇటీవలి సంగతి. 2012లో లండను ఒలింపిక్ క్రీడలలో మన హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకము గెలిచిన పిదప, ఈ విద్యపై అనేకులకు ఆసక్తి కలిగినది.

నారంగ్ నిలుచుండి కాల్చెను. ఒలింపిక్ రైఫిల్ పోటీలలో బల్లయు ఇసుక సంచియు పనికిరావు. నేడు మేము ప్రస్తావింపనున్నది వేరొక శాఖ. దీనిని బెంచ్‌రెస్టు అందురు. ఇందు క్రీడాకారుడు బల్లముందు కూర్చుండును. తుపాకి ముందుభాగము ఇనుప పీటపై నమర్చిన సంచిమీదను, మడమ భాగము మరియొక ఇసుక సంచిమీదను ఆనియుండును. ఆ ఇనుప పీటనే ఫ్రంట్ రెస్టు అని వ్యవహరింతురు. మనము ముందరి ఊత అందము.

కూర్చుండి, ఊతపై నుంచి కాల్చుటలో ఘనత యేమున్నదని కొందరడుగుదురు. మనిషి వణకు తొలగిన కొలది గురి పరీక్ష కఠినమగును. 1973లో మెక్‌మిలన్ అను అమెరికా క్రీడాకారుడు 100 గజముల దూరమున ఐదు గుండ్లు కాల్చగా, వాని నడుములు ఒండొంటికి 0.009 అంగుళములో నిలిచినవి. కంటికి అది ఒకే రంధ్రము. ఆ కొలత 2013 వరకు, నలుబది సంవత్సరములు, ఎవరికిని లొంగలేదు.

ఊత ఎంపికయందు ఇంత పట్టుదల యెందులకో చిన్న లెక్క తెలుపును. ముందరి ఊతకును వెనుక సంచికిని నడుమ 60 సెంటీమీటర్లున్నదనుకొందము. గురి చూచిన పిమ్మట, మీట నొక్కులోపల, ముందరి ఊత మిల్లీమీటరులో పదియవ వంతు, అనగా ఒక కాగితపు మందము, క్రుంగినదనుకొందము. 50 మీటర్ల వద్ద గుండు 8 మిల్లీమీటర్లకు పైగా క్రిందికి పోవును. ఒలింపిక్ 50 మీటర్ల గురికాగితముపై పది మార్కుల వలయపు వ్యాసము 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. నట్టనడుమ తగులవలసిన గుండు ఆ వలయపు అంచునైనను తాకక బయట పడును. కాల్చినవాడు తుపాకిని నిందించును, తూటాలను మార్చును, ధనము వ్యయము చేయును. దోషము కాగితమంత మందములో దాగియుండును.

కావున ఊతకు మొదటి గుణము బరువు. పోటీలలో ఊతను బల్లకు బిగించుట నిషిద్ధము. తన బరువుతోనే అది నిలువవలెను. మేలైన ఊతలు పది కిలోగ్రాముల వరకు తూగును. దానికి మూడు కాళ్లుండవలెను. నాలుగు కాళ్ల పీట ఎగుడుదిగుడు బల్లపై ఊగును, మూడు కాళ్ల పీట ఊగదు. ఆ కాళ్లు ఎడమెడముగా నుండి, కొనలు సూదిగా నుండుట మంచిది. ఎత్తు సరిచేసిన పిదప ప్రతి స్క్రూను బిగించుటకు వేరొక నట్టు ఉండవలెను. అది లేని ఊత, చూపునకెంత అందముగా నున్నను, విడువదగినది.

రెండవ గుణము పైసంచి. తుపాకి ముందుకొయ్య వెడల్పునకది సరిపోవలెను. వదులైన పక్కలకు కదలును. బిగువైన కొయ్య చిక్కుకొని ఒక్కొక్క మారొక్కొక్క తీరున వెనుకకు తన్నును. సంచిలో కడిగి, ఎండబెట్టి, జల్లించిన ఇసుకను గట్టిగా కూరవలెను. వానకాలపు చెమ్మ తగిలిన ఇసుక గడ్డకట్టును. తోలుసంచిపై కొంచెము టాల్కం పొడి చల్లిన కొయ్య సులువుగా జారును.

మూడవది సవరణ మరలు. ఇక్కడనే కొనుగోలుదారుడు మోసపోవుట కవకాశమెక్కువ. ఒకే పిడితో పైకి, క్రిందికి, పక్కలకు గురిని నడుపు ఖరీదైన ఊతలు కలవు. ఒకే కాగితముపై ఇరువదియైదు గురులను వరుసగా కాల్చు చిన్న రైఫిల్ పోటీలలో అవి మిక్కిలి ఉపయోగకరములు. ఒకే గురిపై ఐదు గుండ్లు కాల్చువానికి సన్నని మరగల స్క్రూలే చాలును. మర సన్నముగా నుండుట ముఖ్యము. చుట్టుకు ఒక మిల్లీమీటరు లేచు స్క్రూను పావుచుట్టు త్రిప్పిన, 50 మీటర్ల వద్ద గురి 20 మిల్లీమీటర్లకు పైగా మారును.

ఇట్టి సామగ్రిలో మేలురకములు పెక్కు విదేశములనుండియే రావలసియున్నవి. వాని వెలకు రవాణాయు సుంకమును తోడగును. కాని రాంగోపాల్‌పేటలోను, దానినానుకొనిన రాణీగంజు వీథులలోను ఇనుప పలకలు, స్క్రూలు, బేరింగులు అమ్ము అంగళ్లకు కొదువలేదు. దళసరి ఇనుప పలకకు మూడు కాళ్లు, నడుమ నొక కమ్మి, దానిపై సంచికి తగిన పళ్లెము: ఇవి లేతు పట్టిన పనివానికి అసాధ్యములు గావు. తోలుసంచి కుట్టుటకు చెప్పులు కుట్టు నేర్పరి చాలును. అభ్యాసము ప్రారంభించువాడు మొదట బరువునకు, బిగింపునకు, సంచికి సొమ్ము వెచ్చించి, పిడుల సౌఖ్యమును తరువాతి కాలమునకు వదలుట వివేకము.

స్ప్రింగుతో పనిచేయు ఎయిర్ రైఫిలు గలవారికొక మాట. దాని ముషలము ముందుకు దూకుటచే ఆ తుపాకి రెండు దిక్కుల కుదుపునకు లోనగును. గట్టి ఊతపై నుంచిన గురి చెదరును. మెత్తని సంచిపై అరచేయి నుంచి, ఆ చేతిపై తుపాకిని తేలికగా నానించుట మేలు.

కొనునది యైనను, చేయించునది యైనను, పరీక్ష యొకటే. కాల్పుల మైదానమున తుపాకి ఖాళీగా నున్నదని స్వయముగా చూచుకొని, ఊతపై నుంచి, దుర్బీను గీతల కూడలిని ఒక చుక్కపై నిలుపవలెను. తుపాకిని చేతితో రెండంగుళములు వెనుకకు జరిపి, మరల ముందుకు తేవలెను. కూడలి ఆ చుక్కపైకే వచ్చినదా? ఇట్లు పదిమార్లు చేయవలెను. పదిమార్లును వచ్చిన ఆ ఊత, ఎవరు చేసినదైనను, ఎంత వెలదైనను, స్వీకరింపదగినది. రాకున్న దాని పేరుప్రతిష్ఠలతో మనకు పనిలేదు.

మంచి ఊత కాల్చువానికి నేర్పును ప్రసాదింపదు. గుండు తప్పినప్పుడు, ఆ తప్పు తుపాకిదా, గాలిదా, తనదా యని నిర్ణయించుటకు వీలు కల్పించును. అభ్యాసకునికి అంతకు మించిన సాయము వేరొకటి లేదు.